రైలు సిమ్యులేటరులో తొలి మార్గం

రైలు సిమ్యులేటరులో తొలి మార్గం అంటే, కంప్యూటరు తెరపై రైలు నడిపే అనుభవాన్ని కలిగించే సాఫ్ట్‌వేరులో ఒక ఔత్సాహికుడు మొదటిసారిగా స్వయంగా నిర్మించే రైలు మార్గం. పట్టాలు, స్టేషన్లు, సిగ్నళ్ళు, వంతెనలు, చుట్టుపక్కల నేల, కట్టడాలు, ఆ దారిలో నడిచే బండ్ల వేళలు అన్నీ కలిస్తేనే దానిని మార్గం అంటారు. తొలి ప్రయత్నాలు అసంపూర్తిగా నిలిచిపోవడానికి సాధారణంగా కారణమయ్యేది నైపుణ్య లోపం కాదు, ఎంపికలో జరిగే పొరపాటు. పూర్తి చేయగలిగినంత చిన్నది, స్వయంగా చూసి సరిపోల్చుకోగలిగినది, బండ్లు నడవడానికి తగిన కారణం ఉన్నది అయిన మార్గమే మొదటి ప్రయత్నానికి తగినది.

హైదరాబాదు నగరపు తూర్పు భాగంలోని మౌలాలి, తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఈ ఎంపికను వివరించడానికి మంచి ఉదాహరణలు. కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే ఇక్కడ మూడు వేర్వేరు స్వభావాలు గల రైలు మార్గాలు ఉన్నాయి.

## నేపథ్యం

రైలు సిమ్యులేటర్లు ప్రధానంగా రెండు రకాలు. రైల్వే సంస్థలు లోకో పైలట్ల శిక్షణకు వాడేవి మొదటి రకం. వీటిలో ఇంజను క్యాబును పోలిన గది, నిజమైన మీటలు, బ్రేకు హ్యాండిళ్ళు ఉంటాయి. ఇంటి కంప్యూటరుపై వినోదానికీ, అధ్యయనానికీ వాడేవి రెండవ రకం. ఈ వ్యాసం రెండవ రకానికి సంబంధించినది.

జపానులో 1990 దశకంలో వెలువడిన బి.వి.ఇ. ఈ రంగంలో తొలి ప్రసిద్ధ ప్రయత్నాలలో ఒకటి. 2001లో రెండు ముఖ్యమైన సాఫ్ట్‌వేర్లు విడుదలయ్యాయి. బ్రిటనుకు చెందిన కుజూ సంస్థ రూపొందించిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ ఒకటి, ఆస్ట్రేలియాకు చెందిన ఆరన్ సంస్థ రూపొందించిన ట్రెయిన్జ్ మరొకటి. ఈ రెండింటిలోనూ వినియోగదారుడే కొత్త మార్గాలు నిర్మించుకోవడానికి వీలుగా ఎడిటరు ఉండేది. మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేరుతో వచ్చిన ఆరు మార్గాలు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రియా, జపాను దేశాలకు చెందినవి. భారతదేశానికి చెందిన మార్గం ఒక్కటీ లేదు. ఆ లోటును తరువాతి కాలంలో ఔత్సాహికులే భారతీయ ఇంజన్లు, పెట్టెలు, మార్గాలు తయారు చేసి కొంతవరకు తీర్చారు.

మైక్రోసాఫ్ట్ తన సిమ్యులేటరుకు కొత్త రూపం తేవడానికి చేసిన ప్రయత్నం 2009లో ఏసెస్ స్టూడియో మూతపడటంతో ఆగిపోయింది. పాత మార్గాలను కొత్త కంప్యూటర్లపై నడపడానికి ఓపెన్ రైల్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఔత్సాహికులు అభివృద్ధి చేశారు. కుజూ సంస్థ 2007లో తెచ్చిన రైల్ సిమ్యులేటర్ నుండి 2009లో రైల్‌వర్క్స్ పుట్టింది. అదే క్రమంగా డోవ్‌టెయిల్ గేమ్స్ వారి ట్రైన్ సిమ్యులేటర్ క్లాసిక్‌గా మారింది.

## సాఫ్ట్‌వేరు ఎంపిక

మార్గం నిర్మించే విధానం ఒక్కొక్క సాఫ్ట్‌వేరులో ఒక్కొక్క రకంగా ఉంటుంది. ముఖ్యమైన తేడాలు ఇవి:

- బి.వి.ఇ.: మార్గాన్ని పాఠ్య ఫైలుగా రాయాలి. నడిపే బండి ముందుగా నిర్ణయించిన ఒకే దారిలో సాగుతుంది. క్యాబు నుండి కనిపించే దృశ్యానికి ప్రాధాన్యం. షంటింగుకు అనువు కాదు.
- మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్, ఓపెన్ రైల్స్: నేలను 2048 మీటర్ల భుజం గల చదరాలుగా విభజిస్తారు. పట్టాలను నిర్ణీత పొడవు, వంపు గల ముక్కలుగా అమర్చాలి.
- ట్రెయిన్జ్: నేల పలక భుజం 720 మీటర్లు. పట్టాను తీగలా లాగి, వంచి అమర్చవచ్చు. పలకలను ఏ వైపునైనా తరువాత చేర్చుకోవచ్చు.
- ట్రైన్ సిమ్యులేటర్ క్లాసిక్: వంపు మొదలయ్యే చోట, ముగిసే చోట క్రమంగా వంగే పట్టాను సాఫ్ట్‌వేరే కల్పిస్తుంది.

ఈ లెక్కలు ప్రణాళికకు ఉపయోగపడతాయి. 7 కి.మీ. మార్గానికి ట్రెయిన్జ్‌లో ఒక వరుసలోనే కనీసం పది పలకలు కావాలి. దూరపు దృశ్యం కోసం రెండు వైపులా ఒక్కొక్క వరుస చేర్చితే ముప్పై అవుతాయి. భారతీయ బండ్లు కావలసినవారు తాము ఎంచుకునే సాఫ్ట్‌వేరుకు భారతీయ ఇంజన్లు, పెట్టెలు, సిగ్నళ్ళు అందుబాటులో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. మార్గంతో పాటు ఇంజను నమూనా కూడా తామే తయారు చేయాలనుకోవడం తొలి ప్రయత్నంలో పనిని రెట్టింపు చేస్తుంది.

## మౌలాలి, తార్నాక పరిసరాలలోని రైలు మార్గాలు

నిజాం రాష్ట్రంలో వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలు మార్గం 1874లో ప్రారంభమైంది. అది 1886లో వరంగల్లు వరకు, 1889లో బెజవాడ వరకు విస్తరించింది. మౌలాలి స్టేషను ఈ సికింద్రాబాదు–కాజీపేట మార్గంపైనే ఉంది. కుతుబ్ షాహీల కాలపు దర్గా గల మౌలాలి గ్రానైటు కొండ ఈ ప్రాంతానికి ముఖ్యమైన గుర్తు.

సికింద్రాబాదు ప్రధాన కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. దానికి చెందిన మండల రైల్వే శిక్షణ సంస్థ, డీజిలు లోకో షెడ్డు మౌలాలిలో ఉన్నాయి. విద్యుత్ లోకో షెడ్డు లాలాగూడలో ఉంది. సిగ్నలు ఇంజనీరింగు, టెలీకమ్యూనికేషన్ల శిక్షణకు 1957 నవంబరు 24న స్థాపించిన భారతీయ రైల్వేల సంస్థ ఇరిసెట్ తార్నాక రోడ్డులో ఉంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. దాని ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. సికింద్రాబాదు నుండి కాచిగూడ వెళ్ళే మార్గంలో సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా, విద్యానగర్ స్టేషన్లు వస్తాయి. వీటిలో రెండింటి పేర్లు విశ్వవిద్యాలయం నుండి వచ్చినవే. సికింద్రాబాదును తాకకుండా కాచిగూడ వైపు నుండి మల్కాజ్‌గిరి మీదుగా సాగే దారి కూడా ఉంది. కాజీపేట వైపు, బొల్లారం వైపు వెళ్ళే కొన్ని బండ్లు దానిని వాడుకుంటాయి.

## మార్గం ఎంపిక

### పొడవు

తొలి మార్గానికి పొడవే పెద్ద పరీక్ష. పట్టాలు పరచడానికి పట్టే కాలం కన్నా వాటి చుట్టూ ఇళ్ళు, చెట్లు, గోడలు, స్తంభాలు అమర్చడానికి పట్టే కాలం చాలా ఎక్కువ. ఉదాహరణకు ఒక కిలోమీటరును అన్ని హంగులతో పూర్తి చేయడానికి పది గంటలు పడుతుందని, వారానికి ఐదు గంటలు కేటాయించగలరని అనుకుందాం. అప్పుడు 7 కి.మీ. మార్గానికి 70 గంటలు, అనగా 14 వారాలు కావాలి. సికింద్రాబాదు నుండి కాజీపేట వరకు ఉన్న 132 కి.మీ. మార్గానికి ఇదే లెక్కన 1,320 గంటలు, అనగా 264 వారాలు కావాలి. ఇది ఐదేళ్ళకు పైబడిన కాలం. విద్యార్థి అయితే అంతలో చదువు ముగిసిపోతుంది. సాఫ్ట్‌వేరు కూడా మారిపోవచ్చు.

మరీ చిన్న మార్గం కూడా తృప్తినివ్వదు. రెండు మూడు కిలోమీటర్ల దారిలో బండి వేగం అందుకునేలోపే బ్రేకు వేయాలి. మధ్యలో ఆగే స్టేషన్లు ఎక్కువగా ఉంటే మాత్రం చిన్న మార్గంలోనూ డ్రైవరుకు తగినంత పని ఉంటుంది. స్థానిక రైళ్ళ మార్గాలు కొత్తవారికి అనుకూలం కావడానికి ఇదే కారణం.

### ప్రయోజనం

మార్గంపై బండ్లు ఎందుకు నడుస్తాయో నిర్మాతకు తెలిసి ఉండాలి. ప్రయాణికులు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతారు, సరుకు ఎక్కడి నుండి ఎక్కడికి పోతుంది, ఇంజను ఎక్కడ విశ్రమిస్తుంది అనే ప్రశ్నలకు సమాధానం ఉన్న మార్గం నిర్మాణం పూర్తయిన తరువాత కూడా నడపదగినదిగా ఉంటుంది. విశ్వవిద్యాలయ ప్రాంగణం పక్కన ఉన్న స్టేషన్లకు విద్యార్థులు, ఉద్యోగులు ప్రయాణికులు. చర్లపల్లికి అక్కడి చమురు డిపోలు సరుకు రవాణాకు కారణం. దృశ్యం అందంగా ఉన్నా బండ్లకు పని లేని మార్గంపై నాలుగైదు ప్రయాణాల తరువాత ఆసక్తి తగ్గిపోతుంది.

### చూసి రాగల ప్రదేశం

పటంలో దొరకని వివరాలు అనేకం ఉంటాయి. ప్లాట్‌ఫారం పైకప్పు ఎంత దూరం ఉంది, ప్రహరీ గోడ రంగు ఏమిటి, పాదచారుల వంతెన ఏ వైపు దిగుతుంది వంటి విషయాలు చూస్తేనే తెలుస్తాయి. కనుక తరచుగా వెళ్ళి రాగల మార్గాన్ని ఎంచుకోవడం మేలు. తార్నాకలో ఉండే విద్యార్థికి ఆర్ట్స్ కాలేజీ స్టేషను ఎన్నిసార్లయినా చూసి రాగల ప్రదేశం. ఇంటర్నెట్‌లో చిత్రాలు మాత్రమే చూసిన దూరదేశపు కొండ మార్గం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, దానిలోని తప్పులను సరిదిద్దుకునే అవకాశం అతనికి తక్కువ.

### నాలుగు ప్రత్యామ్నాయాల పోలిక

1. సికింద్రాబాదు–కాచిగూడ: పొడవు సుమారు 7 కి.మీ., మధ్యలో నాలుగు స్టేషన్లు. జంట లైను, విద్యుదీకరణ ఉన్నాయి. దగ్గరదగ్గరగా ఆగవలసి రావడం వలన బ్రేకు నైపుణ్యానికి మంచి పరీక్ష. రెండు చివరలా పెద్ద స్టేషన్లు ఉండటం దీనిలోని చిక్కు.
2. సికింద్రాబాదు–మౌలాలి–ఘట్‌కేసర్: పొడవు సుమారు 20 కి.మీ. ఎక్స్‌ప్రెస్, గూడ్సు, స్థానిక బండ్లు మూడూ కనిపిస్తాయి. అయితే లాలాగూడ, మౌలాలి, చర్లపల్లి వద్ద పట్టాల అల్లిక చిక్కగా ఉంటుంది. మౌలాలి–ఘట్‌కేసర్ మధ్య నాలుగు లైన్లుగా విస్తరణ జరిగింది.
3. మౌలాలి–సనత్‌నగర్: పొడవు సుమారు 22 కి.మీ. సికింద్రాబాదు స్టేషను జోలికి పోకుండా నగరపు ఉత్తర భాగం గుండా వెళ్తుంది. జంట లైను, విద్యుదీకరణ, ఆరు కొత్త స్టేషను భవనాల పనులు పూర్తయి 2024 మార్చి 5న ప్రారంభమయ్యాయి. పట్టాల అమరిక సరళమే అయినా పొడవు ఎక్కువ.
4. మౌలాలి–చర్లపల్లి: కొద్ది కిలోమీటర్లు మాత్రమే. గూడ్సు బండ్లపై, షంటింగుపై ఆసక్తి గలవారికి తగినది. ప్రయాణికుల బండ్ల నడకకు మాత్రం దూరం చాలదు.

కొత్తవారికి మొదటి ప్రత్యామ్నాయమే సులువు. రెండు చివరలలోని పెద్ద స్టేషన్లను పూర్తిగా కట్టనవసరం లేదు. సికింద్రాబాదులో బండి బయలుదేరే ఒకటి రెండు ప్లాట్‌ఫారాలను మాత్రమే నడపడానికి వీలుగా కట్టి, మిగిలినవి దూరపు దృశ్యంగా చూపవచ్చు. ఇంకా తగ్గించాలంటే సీతాఫల్‌మండి నుండి విద్యానగర్ వరకు తొలి దశగా పూర్తి చేసి, తరువాత రెండు వైపులా పొడిగించవచ్చు. మౌలాలిపై మక్కువ ఉన్నవారు మల్కాజ్‌గిరి మీదుగా అటువైపు విస్తరించడానికి ఈ మార్గమే పునాది అవుతుంది.

## కాలం నిర్ణయం

స్థలంతో పాటు కాలాన్నీ ఎంచుకోవాలి. ఒకే మార్గం వేర్వేరు సంవత్సరాలలో వేర్వేరుగా ఉంటుంది. కాచిగూడ స్టేషను 1916 నాటిది. ఆ దారి మొదట మీటరు గేజిది. 1990 దశకంలో బ్రాడ్ గేజిగా మారింది. ఎం.ఎం.టి.ఎస్. స్థానిక రైళ్ళు 2003 ఆగస్టు 9న ప్రారంభమయ్యాయి. మెట్టుగూడ, తార్నాకల మీదుగా సాగే నాగోలు–అమీర్‌పేట మెట్రో 2017 నవంబరు 28న ప్రారంభమైంది. చర్లపల్లి కొత్త టెర్మినలును 2025 జనవరి 6న ప్రారంభించారు. సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణంలో భాగంగా పాత భవనాన్ని 2025లో కూల్చివేశారు.

కనుక 2005 నాటి ఎం.ఎం.టి.ఎస్. మార్గం నిర్మించేవారు తార్నాక దృశ్యంలో మెట్రో స్తంభాలు పెట్టరాదు. 2018 నాటి మార్గంలో అవి లేకపోతే లోపమే. ఆవిరి ఇంజను ఇష్టమైనవారు దానిని విద్యుత్ తీగల కింద నడిపితే ఆటగా బాగుండవచ్చు గాని, ఆ ప్రాంతం తెలిసినవారు దానిని నమ్మరు. ఒక తేదీని నిర్ణయించుకుని ప్రణాళిక మొదటి పుటలో రాసుకోవడం వలన ఇటువంటి సందేహాలు చాలావరకు వాటంతట అవే తీరిపోతాయి.

పాత కాలాన్ని ఎంచుకుంటే చూసి సరిపోల్చుకునే సౌకర్యం తగ్గుతుంది. పాత పటాలు, ఛాయాచిత్రాలు, ఆ కాలంలో పనిచేసిన రైల్వే ఉద్యోగుల జ్ఞాపకాలపై ఆధారపడాలి. అందువలన తొలి మార్గానికి వర్తమానమో, సమీప గతమో సులభం.

## సమాచార సేకరణ

### పటాలు

భారత సర్వేక్షణ శాఖ వారి 1:50,000 పటాలలో రైలు మార్గం, కాలువలు, ఎత్తు గీతలు ఉంటాయి. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పట్టాలు, రోడ్లు, భవనాల ఆకారాలు లభిస్తాయి. దీనిని వాడుకున్నప్పుడు ఆ విషయాన్ని పేర్కొనాలి. ఉపగ్రహ చిత్రాలు యార్డులోని లైన్లను లెక్కించడానికి ఉపకరిస్తాయి. అయితే చిత్రం ఏ సంవత్సరానిదో చూసుకోవాలి.

### ఎత్తులు

2000 సంవత్సరంలో అమెరికా అంతరిక్ష నౌక ద్వారా రాడారుతో సేకరించిన ఎస్.ఆర్.టి.ఎం. ఎత్తుల సమాచారాన్ని చాలామంది వాడతారు. ఇందులో సుమారు 30 మీటర్లకు ఒక బిందువు ఉంటుంది. రాడారుకు నేలతో పాటు భవనాలు, చెట్లు కూడా తగులుతాయి. కనుక తార్నాక వంటి జనావాసాలలో కనిపించే గుట్టలు నిజమైన గుట్టలు కాకపోవచ్చు. పట్టాల ఎత్తును దీని నుండి నేరుగా తీసుకోరాదు.

### క్షేత్ర పరిశీలన

స్టేషనులోకి ప్లాట్‌ఫారం టికెట్టుతో గాని, ప్రయాణ టికెట్టుతో గాని వెళ్ళి చూడవచ్చు. ఎం.ఎం.టి.ఎస్. రైలులో రెండు మూడుసార్లు అటూ ఇటూ ప్రయాణించి, కిటికీ నుండి కిలోమీటరు రాళ్ళు, గేట్లు, వంతెనలను వరుసగా రాసుకోవడం అన్నిటికన్నా తేలిక. పాదచారుల వంతెనలు, రోడ్డు వంతెనల నుండి పట్టాల అమరిక బాగా కనిపిస్తుంది. వివరాల కోసం పట్టాల వెంట నడవడం ప్రాణాపాయం, నేరం కూడా. 1989 రైల్వే చట్టంలోని 147వ సెక్షను ప్రకారం రైల్వే ఆవరణలోకి అక్రమంగా ప్రవేశించినవారికి ఆరు నెలల వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. లోకో షెడ్డులు, యార్డులు అనుమతి లేనిదే ప్రవేశించరాని ప్రదేశాలు. అక్కడ కనబడని వివరాన్ని ఊహతో నింపినా మార్గానికి నష్టం లేదు.

## ప్రణాళిక

### పట్టాల చిత్రం

ఎడిటరు తెరవడానికి ముందే మార్గం మొత్తాన్ని కాగితంపై గీయాలి. ప్రతి స్టేషనుకు లైన్ల సంఖ్య, ప్లాట్‌ఫారం ఏ వైపు ఉంది, పాయింట్లు, క్రాసోవర్లు ఎక్కడ ఉన్నాయి, సిగ్నళ్ళు ఎక్కడ ఉన్నాయి అనేవి ఇందులో ఉండాలి. భారతదేశంలో జంట లైనుపై బండ్లు ఎడమ వైపున నడుస్తాయి. ఇతర దేశాల నమూనాలను చూసి గీసేవారు ఇక్కడ పొరబడే అవకాశం ఉంది.

### గేజి

భారతీయ బ్రాడ్ గేజి వెడల్పు 1,676 మి.మీ. విదేశీ సిమ్యులేటర్లతో వచ్చే పట్టాలు సాధారణంగా 1,435 మి.మీ. వెడల్పువి. భారతీయ బండిని ఆ పట్టాలపై పెడితే చక్రాలు పట్టాల వెలుపలికి వచ్చినట్లు కనిపిస్తాయి. సగం మార్గం పూర్తయిన తరువాత పట్టాల రకం మార్చడం చాలా శ్రమతో కూడినది. కనుక ఏ పట్టాలు వాడాలో మొదటి రోజే తేల్చుకోవాలి.

### పొడవులు, వంపులు

- 24 ఎల్.హెచ్.బి. పెట్టెల బండికి పెట్టె ఒక్కింటికి సుమారు 24 మీటర్ల చొప్పున 576 మీటర్లు, ఇంజనుకు మరో 20 మీటర్లు కావాలి. ప్లాట్‌ఫారం సుమారు 600 మీటర్లు ఉండాలి. ఎం.ఎం.టి.ఎస్. బండికి ఇంతకన్నా తక్కువ చాలు.
- 58 బాక్స్-ఎన్ వ్యాగన్ల గూడ్సు బండికి వ్యాగను ఒక్కింటికి సుమారు 10.7 మీటర్ల చొప్పున 620 మీటర్లు అవుతుంది. ఇంజను, బ్రేకు వ్యాను కూడా కలిపితే లూపు లైనుకు దాదాపు 700 మీటర్ల నిడివి కావాలి.
- భారతీయ రైల్వేలలో వంపును డిగ్రీలలో చెబుతారు. 1,750ని డిగ్రీల సంఖ్యతో భాగిస్తే మీటర్లలో వ్యాసార్ధం వస్తుంది. 2 డిగ్రీల వంపు వ్యాసార్ధం 875 మీటర్లు.
- పాయింట్లలో 12కు 1, 8.5కు 1 అనే నిష్పత్తులు సాధారణం. మొదటిది ప్రయాణికుల బండ్ల లైన్లలో, రెండవది యార్డులలో ఎక్కువగా కనిపిస్తుంది.

### సిగ్నళ్ళు

బహుళ వర్ణ సిగ్నళ్ళలో ఎరుపు, పసుపు, జంట పసుపు, ఆకుపచ్చ అనే నాలుగు సూచనలు ఉంటాయి. స్టేషనుకు వచ్చే బండికి మొదట డిస్టెంటు, తరువాత హోం, బయలుదేరేటప్పుడు స్టార్టరు, దాని తరువాత అడ్వాన్స్‌డ్ స్టార్టరు కనిపిస్తాయి. బండిని లోపలికి తీసుకునే ముందు స్టార్టరు దాటి 120 మీటర్ల దూరం ఖాళీగా ఉండాలనేది నియమం. దీనిని సిగ్నలు ఓవర్‌లాప్ అంటారు. పాయింటును స్టార్టరుకు మరీ దగ్గరగా పెడితే ఈ నియమానికి చోటు మిగలదు. అందువలన సిగ్నలు స్థానాలను పట్టాలతో పాటే నిర్ణయించాలి.

## వాలు లెక్క

నేల ఎత్తులలో జరిగే చిన్న పొరపాటు కూడా మార్గాన్ని పనికిరాకుండా చేయగలదు. 58 బాక్స్-ఎన్ వ్యాగన్లు ఒక్కొక్కటి 81.28 టన్నుల చొప్పున 4,714 టన్నులు. 123 టన్నుల డబ్ల్యూఏజీ-9 విద్యుత్ ఇంజనును కలిపితే మొత్తం సుమారు 4,837 టన్నులు.

150కి 1 వాలు ఎక్కడానికి ఇందులో నూట యాభయ్యవ వంతు, అనగా సుమారు 32 టన్నుల లాగుడు బలం కావాలి. ఈ ఇంజను గరిష్ఠ లాగుడు బలం సుమారు 460 కిలోన్యూటన్లు, అనగా 47 టన్నులు. కనుక బండి ఎక్కుతుంది. అదే వాలు 100కు 1 అయితే 48 టన్నులు కావాలి. చక్రాల నిరోధాన్ని లెక్కించకముందే ఇంజను చాలదు.

500 మీటర్ల దూరంలో ఎత్తు 5 మీటర్లు ఎక్కువగా పడితే చదునైన పట్టా కూడా 100కు 1 వాలుగా మారుతుంది. నగరంలోని భవనాల వలన రాడారు ఎత్తులలో ఇటువంటి తేడా రావడం వింత కాదు. కనుక స్టేషన్ల వద్ద ఎత్తులను ముందుగా నిర్ణయించి, వాటి మధ్య పట్టాను మెల్లని వాలుతో కలిపి, తరువాత నేలను పట్టాకు అనుగుణంగా సరిచేయాలి. నేలను అనుసరించి పట్టాను ఎత్తిదించడం సరైన పద్ధతి కాదు.

## నిర్మాణ క్రమం

కింది క్రమం తొలి మార్గానికి అనుకూలమైనది:

1. ఎడిటరు నేర్చుకోవడానికి ఒక కిలోమీటరు ఊహా మార్గం కట్టి, దానిని వదిలివేయాలి.
2. మెయిను లైన్లను ఒక చివర నుండి మరొక చివరకు పరచాలి. ఇంకా ఇళ్ళు, చెట్లు పెట్టరాదు.
3. ఒక ఇంజనుతో మార్గమంతా నడిపి, కుదుపులు, పట్టాల మధ్య ఖాళీలు, తప్పు వాలులు సరిచేయాలి.
4. పాయింట్లు, లూపులు, సిగ్నళ్ళు అమర్చి, రెండు బండ్లను ఎదురెదురుగా నడిపి చూడాలి.
5. ప్లాట్‌ఫారాలు, విద్యుత్ స్తంభాలు, వంతెనలు, గేట్లు పెట్టాలి.
6. ఒక స్టేషను పరిసరాలను పూర్తిగా అలంకరించాలి. దానికి పట్టిన కాలాన్ని బట్టి మిగిలిన పనిని అంచనా వేయాలి.
7. చివరగా మిగిలిన దృశ్యాన్ని నింపాలి.

ఆరవ మెట్టు ముఖ్యమైనది. ఆర్ట్స్ కాలేజీ స్టేషను ఒక్కటే పూర్తి కావడానికి నెల పడితే, మార్గం పొడవును అప్పుడే తగ్గించుకోవచ్చు. దృశ్యాన్ని ముందుగా నింపి తరువాత పట్టాలలో తప్పు కనుగొంటే రెండు పనులూ మళ్ళీ చేయాలి.

దృశ్యంలో అన్నిటికీ సమాన ప్రాధాన్యం అవసరం లేదు. క్యాబు నుండి చూసేవారికి పట్టాల పక్కన యాభై మీటర్లలోపు ఉన్నవి స్పష్టంగా కనిపించాలి. దూరాన ఒకటి రెండు గుర్తులు చాలు. మౌలాలి వైపు వెళ్ళే మార్గానికి కొండ, దానిపై దర్గా అటువంటి గుర్తులు. మౌలాలి కొండ ఆకారం సరిగా ఉంటే, దాని కింద ఉన్న వందలాది ఇళ్ళు సాధారణ నమూనాలైనా చూసేవారు ఊరిని గుర్తిస్తారు.

## టైంటేబులు, పరీక్ష

నిర్మాణం సరిగా ఉందో లేదో టైంటేబులుతో తెలుస్తుంది. 7 కి.మీ. మార్గంపై సగటున గంటకు 35 కి.మీ. వేగంతో నడిచే బండికి 12 నిమిషాలు పడుతుంది. నాలుగు స్టేషన్లలో అరనిమిషం చొప్పున ఆగితే 14 నిమిషాలు. ప్రచురిత టైంటేబులులోని కాలంతో దీనిని పోల్చి చూడాలి. సిమ్యులేటరులో మరీ తక్కువ కాలం పడితే వేగ పరిమితులు మరచిపోయినట్లు. మరీ ఎక్కువ పడితే దూరమో, వాలో తప్పి ఉండవచ్చు. పరీక్షను ఆ ప్రాంతంలో తరచుగా ప్రయాణించే ఒక స్నేహితుని చేత కూడా చేయించడం మంచిది. నిర్మాతకు అలవాటైపోయి కనిపించని తప్పులు ఇతరులకు వెంటనే కనిపిస్తాయి.

## సాధారణ పొరపాట్లు

- మొదటి మార్గంలోనే పెద్ద జంక్షనును చివరి పట్టా వరకు కట్టాలనుకోవడం.
- కాలం నిర్ణయించుకోకుండా పాత, కొత్త వస్తువులను కలిపివేయడం.
- లూపు పొడవు కొలవకుండా గీయడం, తరువాత గూడ్సు బండి తోక మెయిను లైనుపై మిగిలిపోవడం.
- ప్రతి వస్తువుకూ స్వయంగా త్రిమితీయ నమూనా తయారు చేయాలనుకోవడం.
- ఫైళ్ళకు నకలు దాచుకోకపోవడం. హార్డు డిస్కు చెడిపోతే నెలల శ్రమ వృథా అవుతుంది. పని చేసిన ప్రతి రోజూ తేదీ వేసి వేరే చోట నకలు ఉంచడం మంచిది.

## పంపిణీ, హక్కులు

పూర్తయిన మార్గాన్ని ఇతరులకు ఇవ్వదలచినప్పుడు, అందులో వాడిన ఇళ్ళు, చెట్లు, సిగ్నళ్ళు, పట్టాల నమూనాలు ఎవరివో జాబితా రాయాలి. ఉచితంగా దొరికిన ప్రతి నమూనాను తిరిగి పంచే హక్కు ఉండదు. నమూనాతో పాటు వచ్చిన సూచనల ఫైలులో కర్త పెట్టిన షరతులు చదవాలి. మార్గం ఏ సంవత్సరపు స్థితిని చూపుతుంది, ఏ భాగాలు ఊహతో నింపినవి అనే వివరాలు కూడా ఇవ్వాలి. మెట్రో రాక ముందరి తార్నాక, కూల్చివేతకు ముందున్న సికింద్రాబాదు స్టేషను వంటి దృశ్యాలు ఇప్పుడు నేలపై చూడలేనివి. అటువంటి మార్గాన్ని చూసి పాత ఊరి రూపం తెలుసుకునే విద్యార్థికి, అందులో ఏది కొలిచి పెట్టినదో, ఏది ఊహించి పెట్టినదో ఈ వివరాల వలననే తెలుస్తుంది.